ఎల్బర్ట్ చెప్పిన బొమ్మలు

పద్దెనిమిదేళ్ళ పాటు మా ఆయన ఎల్బర్ట్, హార్విక్ మ్యూజియంలో గోడల మీది బొమ్మలకు కాపలా కాశారు. అన్నేళ్ళలోనూ నేను ఆ గుమ్మం తొక్కలేదు. తొక్కకూడదని ఎవరూ అనలేదు. ఒహాయోలో మా ఊళ్ళో నల్లవాళ్ళు రాకూడదనే బోర్డులు ఉండేవి కావు. కానీ బస్సులోంచి ఆ పాలరాతి మెట్లు కనిపించినప్పుడల్లా, అవి ఎవరి కాళ్ళ కోసం కట్టినవో ఒకరు చెప్పకుండానే తెలిసిపోయేది. అయినా నేను వెళ్ళాల్సిన అవసరమేముంది? ఆ బొమ్మలన్నీ సాయంత్రమయ్యేసరికి మా వరండాలోకే వచ్చేవి.

ఆయన బూట్లు విప్పి, రేకు తొట్టిలో ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. నేను ఒళ్ళో చేట పెట్టుకుని బఠాణీలు ఒలిచేదాన్ని. సరస్సు మీంచి వచ్చే గాలిలో ఉక్కు ఫ్యాక్టరీ పొగ కలిసి ఉండేది. ఆకాశం కాసేపు నారింజ రంగులో, కాసేపు తుప్పు రంగులో ఉండేది.

"ఇవాళ డ్యూటీ ఏ గదిలో వేశారు?" అని అడిగేదాన్ని.

"గులాబీ రంగు గోడల గదిలో," అని కళ్ళు మూసుకునేవారు. "ఒక తోట, ఓజీ. చెట్ల కింద బల్ల వేశారు. బల్ల నిండా పీచ్ పళ్ళు, కోసిన పుచ్చకాయ. చుట్టూ జనం. నడిమధ్యన ఒకావిడ నిలబడి ఉంది. పసుపు గౌను, చేతిలో ఈకల విసనకర్ర. మనిషి ఎలా ఉందనుకున్నావ్? జార్జియాలో మీ లవీ అత్త లేదూ, అచ్చం ఆవిడే. ఆ మెడా, ఆ నలుపూ. ఎండ పడి భుజం నల్లద్రాక్షలా మెరుస్తోంది. అందరూ ఆవిడ ఏం చెబుతుందా అని చూస్తున్నారు."

"ఏం చెబుతోంది?"

"బొమ్మ కదే పిచ్చిదానా, నాకేం తెలుస్తుంది?" అనేవారు. మళ్ళీ కాసేపటికి, "నాకైతే 'ఇంక కూర్చుని తినండర్రా' అంటున్నట్టే ఉంటుంది."

ఇంకో గదిలో పడవల బొమ్మ. వల లాగుతున్నవాళ్ళు మా అన్నదమ్ముల్లా ఉండేవారు. మరో గదిలో కిటికీ పక్కన బిడ్డను ఎత్తుకున్న తల్లి. బయట మంచు, లోపల ఆమె గోధుమరంగు చేతులు. ఒకే బొమ్మను ఆయన వందసార్లు చెప్పి ఉంటారు. ఒక సాయంత్రం తోటలో గాలి ఉండేది, మరో సాయంత్రం ఉండేది కాదు. నిద్రలో నేను ఆ బల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. పీచ్ పండు తీసుకుంటే చేతికి దాని నూగు తగిలేది. లవీ అత్త విసనకర్ర ఊపితే నా ముఖానికి గాలి తగిలేది. పొద్దున లేచి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతున్నా ఆ చల్లదనం కాసేపు నన్ను వదిలేది కాదు.

మా అమ్మాయి వర్డీన్ ఆ మాటలు వింటూ వరండా మెట్టు మీద పెరిగింది. పొయ్యిలో బొగ్గు తెచ్చి నేల మీద ఏవో గీస్తూ ఉండేది.

1969 ఎండాకాలానికి దానికి ఇరవై రెండేళ్ళు. మా పేటలో పిల్లలకు బొమ్మలు నేర్పేది. దాని గదంతా టర్పెంటైన్ వాసన. ఆ ఏడు మ్యూజియంవాళ్ళు మా నగరం నూరేళ్ళ చరిత్ర మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. మంగలి షాపు మేడ మీద చేరే మా నల్లపిల్లల చిత్రకారుల బృందం వెళ్ళి, మా బొమ్మలకూ ఒక గోడ ఇవ్వండని అడిగింది. మీవి ఇంకా ఆ స్థాయికి రాలేదు అన్నారట. మా వీధుల కోసం మాత్రం ఒక గది కేటాయించారు. దాన్నిండా జాతి అల్లర్లలో కాలిపోయిన కొట్ల ఫొటోలు. అవన్నీ కార్లలో వచ్చి, కారు దిగకుండా తీసుకుపోయిన ఫొటోలు.

"నూరేళ్ళలో మనం చేసింది తగలబెట్టుకోవడం ఒక్కటేనట," అంది వర్డీన్ భోజనాల దగ్గర. "రేపటినుంచి మేం మ్యూజియం ముందు నిరసన అట్టలు పట్టుకుని నిలబడతాం."

ఎల్బర్ట్ మొక్కజొన్న రొట్టె కోస్తున్నారు. "ముందంటే ఎక్కడ?"

"పెద్ద గుమ్మం ఎదురుగా."

"ఈ నెల నా డ్యూటీ పెద్ద గుమ్మం దగ్గరే."

"తెలుసు నాన్నా."

"తెలిసే నిలబడతావా?" కత్తి ఆగింది. "నేను ఇన్నేళ్ళు కాళ్ళు వాచేలా నిలబడితే వచ్చాయమ్మా నీ రంగులూ, కుంచెలూ."

"కాదన్నానా? నువ్వు నిలబడ్డావు. ఇప్పుడు నేనూ నిలబడతాను."

"నాకు ఎదురుగా."

"నీకు కాదు నాన్నా. ఆ గుమ్మానికి."

"ఆ గుమ్మంలో ఉండేది నేనేగా!"

ఇద్దరూ నావైపు చూశారు. ఎవరి పక్షాన మాట్లాడినా రెండోవాళ్ళు అన్నం మానేస్తారని నాకు తెలుసు. "రొట్టె చల్లారిపోతోంది," అన్నాను.

ఆ రోజునుంచి రోజూ పొద్దున రెండు డబ్బాలు కట్టేదాన్ని. ఒకటి గుమ్మం లోపలికి, ఒకటి బయటికి. రెండింట్లోనూ అదే వేయించిన చేప, అదే రొట్టె. ఇద్దరూ ఒకే బస్సెక్కేవారు. ఆయన ముందు సీట్లో, అది వెనక సీట్లో. ఆ పిల్ల ఈయన కూతురని పైవాళ్ళకు తెలిసి, జూలైలో ఆయన్ని గుమ్మం దగ్గర్నుంచి లోపలి గదులకు మార్చారు. అయినా ఇంట్లో తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు కలవలేదు. వరండాలో బొమ్మలు చెప్పడం మాత్రం మానలేదు ఆయన. వర్డీన్ తన గది కిటికీ తెరిచి పెట్టుకునేది. వింటున్నానని ఆయనకు తెలియనిచ్చేది కాదు.

శనివారాలు నేను మా వంటింట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు కాల్చిన దువ్వెనతో రింగుల జుట్టు సాపు చేసేదాన్ని. ఆ శనివారం పక్కింటి పెర్లీ కుర్చీలో కూర్చుని ఉంది. పొయ్యి మీద ఇత్తడి దువ్వెన కాలుతోంది. జుట్టుకు రాసిన పోమేడు కరిగిన వాసన.

"మనుషులు చంద్రుడి మీద దిగారటే ఓజెల్లా," అంది పెర్లీ. "మీ పిల్ల బొమ్మ మాత్రం ఆ నాలుగు మెట్లు ఎక్కలేకపోయింది."

"కదలకు. చెవి కాలుతుంది."

"లోపలుండి మీ ఆయనే ఎక్కనివ్వడం లేదంటగా?"

దువ్వెన కొంచెం గట్టిగా లాగాను.

"అబ్బా! నిజం చెబితే జుట్టు పీకేస్తావేంటే?" అని తల రుద్దుకుంది. "ఇంతకీ ఏముంటాయే లోపల? నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. నాకు తెలుసు," అని పసుపు గౌను ఆవిడ సంగతి చెప్పాను. తోట, పుచ్చకాయ, లవీ అత్త మెడ, అన్నీ చెప్పాను.

పెర్లీ సగం సాపైన తల నావైపు తిప్పింది. "నల్లావిడా? నడిమధ్యలోనా?"

"అవును."

"మరి మన నల్లావిడను నడిమధ్యలో పెట్టుకున్నవాళ్ళ మీద మీ పిల్లకు ఏంటే అంత కోపం?"

 దువ్వెన చేతిలోనే చల్లారిపోయింది.

ఆ వారమే ఒకరోజు లాండ్రీకి సెలవు పెట్టి, చర్చికి పెట్టుకునే నీలం టోపీ పెట్టుకుని వెళ్ళాను. పేవ్‌మెంటు మీద వర్డీన్, దాని స్నేహితులు ఎండలో గుండ్రంగా తిరుగుతున్నారు. నన్ను చూసి అది ఆగిపోయింది.

"అమ్మా, ఎక్కడికి?"

"లోపలికి."

"ఇవాళా? అమ్మా, నువ్వు..." ఏదో చెప్పబోయింది. నా ముఖం చూసి ఆగి, చేతిలో అట్ట కిందికి దించి దారి ఇచ్చింది.

లోపల చల్లగా ఉంది. నా చెప్పుల చప్పుడు నాకంటే ముందు గదుల్లోకి వెళ్తోంది. ఎవరినీ దారి అడగలేదు. పడవల గది దాటితే కుడివైపు గులాబీ రంగు గోడలు. ఎన్నోసార్లు నిద్రలో నడిచిన దారే.

తోట అక్కడే ఉంది. అవే చెట్లు, అదే బల్ల. పీచ్ పళ్ళ మీద నూగు కూడా ఆయన చెప్పినట్టే ఉంది. నడిమధ్యన పసుపు గౌను కూడా ఉంది. గౌనులో ఉన్నది తెల్లావిడ.

గది తప్పేమో అనుకున్నాను. విసనకర్ర కోసం వెతికాను. ఎడమ పక్కన, బొమ్మ చివర, చెట్టు నీడలో దొరికింది. దాన్ని పట్టుకున్నది ఒక నల్లమనిషి చెయ్యి. ఆమె సగం భుజం ఫ్రేము అవతలికి పోయింది. ఉన్న సగం ముఖంలో కళ్ళెక్కడో, నోరెక్కడో తెలియలేదు. విసనకర్రలో ఈక ఈకనీ విడదీసి వేసిన ఆ చిత్రకారుడికి, ఆమె ముఖం దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయినట్టుంది.

వెనక్కి వెళ్ళి పడవలు చూశాను. వలలు లాగుతున్నవాళ్ళు మా అన్నదమ్ములు కారు. కిటికీ పక్కన తల్లి చేతులు పాలలా ఉన్నాయి. నేను ఏళ్ళ తరబడి తిరిగిన ఊళ్ళో ఒక్కసారిగా తెలిసినవాళ్ళు ఒక్కరూ లేకుండా పోయారు. మళ్ళీ తోట దగ్గరికే వచ్చి నిలబడ్డాను.

"ఓజీ."

ఎల్బర్ట్ గది గుమ్మంలో ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఇత్తడి బొత్తాల కోటులో. ఇంట్లో కన్నా పొడుగ్గా కనిపించారు.

"కాళ్ళు నొప్పిగా ఉన్నాయా?" అన్నాను.

"కొంచెం."

వచ్చి నా పక్కన నిలబడ్డారు. నావైపు చూడలేదు, బొమ్మవైపే చూశారు. "ఆ మూల లైటు సరిగా పడదు," అన్నారు మెల్లగా. "పొద్దున తలుపులు తీసిన కొత్తలో ఆ పై అద్దంలోంచి కాస్త ఎండ వస్తుంది. అప్పుడు చూస్తే ఆవిడకు కళ్ళున్నాయి."

"నువ్వు చూశావా?"

"చూశాను. ఎక్కువసేపు ఉండదు ఆ ఎండ."

ఎవరో తెల్లదంపతులు గదిలోకి వచ్చారు. ఆయన నాలుగడుగులు దూరం జరిగారు.

"సాయంత్రం చేపలు వేయించనా?" అని అడిగాను.

"వేయించు," అన్నారు.

ఇంటికొచ్చి వర్డీన్ వచ్చేదాకా దాని మంచం మీద కూర్చున్నాను. అది వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎండకు పెదాలు పగిలిపోయాయి.

"ఆ బొమ్మ సంగతి నీకు ముందే తెలుసా?" అన్నాను.

"పదేళ్ళప్పుడు మా బళ్ళోంచి మ్యూజియంకి తీసుకెళ్ళారు కదమ్మా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

అది నా పక్కన కూర్చుంది. "ఆ సాయంత్రం నాన్న మళ్ళీ అదే బొమ్మ చెప్పాడు. పొద్దున చూసినదాని కన్నా అదే బాగుంది. ఇంకోసారి చెప్పు నాన్నా అన్నాను. చెప్పాడు. ఇంకేం చెప్పను నీకు?"

అలా అని లేచి, గోడకు ముఖం తిప్పి పెట్టిన బొమ్మలను ఒక్కొక్కటే నావైపు తిప్పింది. పడవలు, మా అన్నదమ్ములు, తడిసిన వల బరువుకు వంగిన వాళ్ళ వీపులు. కిటికీ, మంచు, బిడ్డ చుట్టూ గోధుమరంగు చేతులు. చివరిది తిప్పేటప్పుడు కొంచెం ఆగింది. చెట్ల కింద బల్ల, పుచ్చకాయ ఎరుపు, నడిమధ్యన పసుపు గౌనులో లవీ అత్త. ఎండ భుజం మీంచి జారి మోచేతి దాకా వచ్చింది. కిటికీలో తుప్పు రంగు ఆకాశం వెలిసిపోతుంటే, ఆ గదిలో వెలుతురు ఆ గౌను నుంచే వస్తున్నట్టు అనిపించింది.  వరండాలో ఎల్బర్ట్ తొట్టిలో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"నాన్నకు చూపించావా?"

"భయమేసింది," అంది.

ఆగస్టు ఆఖరి శనివారం ప్రదర్శన ముగిసే రోజు. గోడ ఇవ్వకపోతే మాకు కంచె చాలు అనుకున్నారు పిల్లలు. మ్యూజియం ఎదురుగా ఇనప కంచె పొడుగునా తమ బొమ్మలన్నీ ఆనించి పెట్టారు. చెక్కమీద వేసినవి, దుప్పటి మీద వేసినవి, తలుపు రెక్క మీద వేసినది కూడా ఒకటి ఉంది. మా పేట జనం, బస్సు దిగినవాళ్ళు, మ్యూజియంకి వచ్చి అటు మళ్ళినవాళ్ళు, అంతా మూగారు. పెర్లీ పీచ్ పళ్ళు కోసి అందరికీ పంచుతోంది. వేడికి తారురోడ్డు మీంచి గాలి వణుకుతూ లేస్తోంది. ఆ గాలి వెనక బొమ్మల్లో మనుషులు ఊపిరి పీలుస్తున్నట్టున్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళ పెద్ద గుమ్మంలోంచి ఎల్బర్ట్ బయటికొచ్చారు. పనివాళ్ళు ఆ గుమ్మం వాడకూడదు. చేతిలో నేను కట్టిన డబ్బా ఉంది. మెట్లు దిగి, రోడ్డు దాటి, కంచె వెంట నడుచుకుంటూ వచ్చారు. పడవల దగ్గర ఆగారు. కిటికీ దగ్గర ఇంకొంచెంసేపు ఆగారు. తోట దగ్గరికి వచ్చి మరి కదలలేదు.

వర్డీన్ నా చెయ్యి పట్టుకుంది. 

"గౌను ఇంకొంచెం ముదురు," అన్నారాయన చివరికి.

"ముదురని నువ్వెప్పుడూ చెప్పలేదు నాన్నా."

"చెప్పలేదా?" అని ఆలోచించారు. "అయితే ఇదే రంగులే."

డబ్బా నా చేతికిచ్చారు. కోటు పై బొత్తాం పెట్టుకున్నారు. బొమ్మ పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తల ఎత్తారు. అలాగే ఉండిపోయారు. భోజనాల వేళ దాటింది. సూపర్‌వైజరు మెట్ల మీదికొచ్చి "టిబ్స్!" అని ఆయన ఇంటిపేరుతో పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. జనం అటు తిరిగారు. ఎల్బర్ట్ తిరగలేదు.

"డ్యూటీలో ఉన్నాను సార్," అన్నారు. పక్కనున్న మాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా.

ఆయన్ని పనిలోంచి తీసెయ్యలేదు. కింద నేలమాళిగలో పెట్టెలు దించే పనికి మార్చారు. కొన్నాళ్ళు చేసి, సెప్టెంబరులో ఒక పొద్దున కోటు ఉతికించి, ఇస్త్రీ చేయించి, ఆయనే తీసుకెళ్ళి ఇచ్చేసి వచ్చారు. బ్రెడ్డు ఫ్యాక్టరీలో పని దొరికింది. సాయంత్రాలు ఒంటినిండా పులిసిన పిండి వాసనతో వచ్చి వరండాలో కూర్చునేవారు. కాళ్ళ నొప్పి తగ్గింది. తొట్టి మూలపడింది. తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుంటున్నారు, జోకులేసుకుంటున్నారు. కానీ నేను "ఏ గదిలో వేశారు?" అని అడగడానికి ఏమీ లేదు. ఒకసారి ఉండబట్టలేక, "తోట బొమ్మ ఒక్కసారి చెప్పవూ," అన్నాను.

"అమ్మాయి వేసేసింది కదా ఓజీ," అన్నారు. "ఇంక చెప్పడానికేముంది?"

అది గర్వమో, బెంగో నాకు తెలియలేదు. నాకు మాత్రం బెంగే. గోడకు ఆనించి ఉన్న తోటలో గాలి ఎప్పుడూ ఒకేలా ఉండేది. నేను నిద్రలో వెళ్ళడం మానేశాను.

ఆకులు రాలే వేళకు మ్యూజియం పెద్దల్లో ఒకాయన, థార్న్‌బరీ గారు, మా ఇంటికి వచ్చారు. కంచె బొమ్మల ఫొటోలు పత్రికల్లో పడ్డాయి. అవి మ్యూజియంలో ఎందుకు లేవని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారట. వంటింట్లో మా ముగ్గురి ఎదుట టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. పెర్లీ సగం సాపైన తలతో తన కుర్చీలోనే ఉంది. లేవమంటే లేవలేదు.

"తోట చిత్రాన్ని మా సేకరణలోకి తీసుకోవాలని మా కోరిక," అన్నారాయన.

"ఎక్కడ పెడతారండీ?" అన్నాను.

"కింది అంతస్తులో. కోట్లు తగిలించే గది దాటాక ఒక నడవా ఉంది, చాలా..."

"నాకు తెలుసు. మొన్న ఎండాకాలంలో వెళ్ళాను. టాయిలెట్లకు పోయే దారి."

ఆయన ముఖం ఎర్రబడింది. "అటు చాలామంది వెళ్తారమ్మా."

"వెళ్తారు," అంది పెర్లీ కుర్చీలోంచి. "ఆగరు. ఎలా ఆగుతారు పాపం!"

ఆయన వెళ్ళాక కాసేపు ఎవరమూ నవ్వు ఆపుకోలేకపోయాం. తరువాత ఎల్బర్ట్ తల అడ్డంగా ఊపారు. "వద్దమ్మా. ఆ నడవాకి గార్డును కూడా వెయ్యరు. ఎవడి భుజమో తగిలితే అడిగే నాథుడుండడు."

వర్డీన్ బల్ల మీద గోటితో గీతలు గీస్తోంది. "ఆవిడ లోపలికి వెళ్ళాలి నాన్నా. ఏ గోడైనా సరే. ఇవాళ కాదంటే మళ్ళీ ఎన్నేళ్ళకు అడుగుతారో. అప్పటికి ఆ గోడ కూడా ఉండదు."

"టాయిలెట్ల పక్కన నిలబెడతావా లవీ అత్తను?"

"ఇవ్వవే పిల్లా," అంది పెర్లీ. "లోపల పెట్టనీ. మిగతాది మేం చూసుకుంటాం."

ఇచ్చింది. పెర్లీ చూసుకుంది. మొదటి ఆదివారం ప్రార్థన అవగానే మా చర్చి ఆడవాళ్ళందరినీ టోపీలతో, చేతి తొడుగులతో బస్సెక్కించింది. నడవా నిండిపోయింది. గోడ మీద లవీ అత్త, కింద రంగురంగుల టోపీల తోట. ఆవిడ మా అత్త అయినా, పెర్లీ తన అత్తేనన్నట్టు కథ చెబుతోంది. ఆవిడ పుచ్చకాయ ఎలా కోసేదో, ఎవణ్ణి ఏమని తిట్టేదో కూడా చెప్పింది. అవసరం మీద అటు వచ్చిన తెల్లావిడలు "క్షమించండి, క్షమించండి" అంటూ మా మధ్యలోంచి దారి చేసుకుని వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు కొందరు ఆగారు. తరువాతి ఆదివారం వేరే చర్చివాళ్ళు వచ్చారు. ఆపైన బడిపిల్లలు. తొలిమంచు పడేనాటికి బొమ్మ ముందు ఎర్రతాడు కట్టి, పక్కన ఒక గార్డును వేశారు.

ఎల్బర్ట్ మాత్రం మాతో వచ్చేవారు కాదు. ఆదివారం పిండి కలిపే పనుందనో, వేరే ఏదో అనేవారు. గార్డును వేశారని పెర్లీ వచ్చి చెప్పిన వారం, ఏమీ అనకుండా గోధుమరంగు సూటు తీసి తొడుక్కున్నారు.

మెట్ల దగ్గర ఆగి బూట్లు తుడుచుకున్నారు. టిక్కెట్టు కొన్నారు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకున్నారు. నడవాలో గార్డు కొత్తవాడు, ఆయన్ని ఎరగడు. ఎల్బర్ట్ తాడు దాకా వెళ్ళారు. నడుము వంచి, పసుపు గౌను మీద తన ఊపిరి తగిలేంత దగ్గరగా ముఖం పెట్టి ఆ భుజాన్ని చూస్తూ ఉండిపోయారు.

"సార్," అన్నాడు గార్డు. "కొంచెం వెనక్కి జరగండి. బొమ్మకు మరీ దగ్గరగా ఉన్నారు."

ఎల్బర్ట్ నిటారుగా నిలబడి అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. బొత్తాలు చూశారు, బూట్లు చూశారు. తరువాత బుద్ధిగా ఒక అడుగు వెనక్కి వేశారు.

కాసేపాగి, నావైపు ఓరగా చూసి, కావాలనే మళ్ళీ అరడుగు ముందుకు వేశారు.

"సార్," అన్నాడతను మళ్ళీ.